తెనాలి నుంచి ఇంతమంది ఎలా వచ్చారు?

ఫోన్‌లో ఏ ఊరి పేరు కొట్టినా చివర్లో "ప్రముఖులు" అని ఒక లిస్ట్ వస్తుంది కదా. మన గుంటూరు వైపు తెనాలి పేరు కొట్టి చూడండి. ఆ లిస్ట్ దిగుతూనే ఉంటుంది. ఎందుకలా? ఈరోజు అదే మాట్లాడుకుందాం.

ముందు సూపర్‌స్టార్ కృష్ణ గారు. 1943లో తెనాలి పక్కనే బుర్రిపాలెంలో పుట్టారు. 1974లో అల్లూరి సీతారామరాజు సినిమా తీశారు. జగ్గయ్య గారిది మోరంపూడి. ఆ గంభీరమైన గొంతు ఆయనదే. 1967లో ఒంగోలు నుంచి ఎంపీగా గెలిచారు. ఈ తరంలో చూస్తే శోభిత ధూళిపాళ పుట్టిందీ తెనాలిలోనే.

ఇప్పుడు మనకి అంతగా తెలియనివాళ్ళు. ఆలూరి వెంకట సుబ్బారావు అంటే ఎవరికీ తెలీదు. చక్రపాణి అంటే మీ తాతయ్య టక్కున చెప్తారు. ఆయనకి క్షయ వచ్చింది. అప్పట్లో సరైన మందు లేని జబ్బు అది. మదనపల్లె శానిటోరియంలో చేరి, మంచం మీద ఉంటూనే బెంగాలీ నేర్చుకున్నారు. తర్వాత శరత్ నవలల్ని తెలుగులోకి తెచ్చారు. 1947లో నాగిరెడ్డి గారితో కలిసి చందమామ మొదలుపెట్టారు. పాతాళభైరవి, మాయాబజార్ తీసిన విజయా సంస్థ కూడా వీళ్ళిద్దరిదే. ఆ చందమామని 1952 నుంచి 1980లో చనిపోయేదాకా నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే.

మరి ఇంతమంది ఎలా? నీళ్ళలో మహిమ అంటారు కొందరు. నీళ్ళే, కానీ మహిమ కాదు. కృష్ణా కాలవలొచ్చాయి, వరి పండింది, చేతిలో డబ్బు ఆడింది. ఆ డబ్బుతో నాటకాలు, పుస్తకాలు, ప్రెస్సులు నడిచాయి. పైగా మద్రాసు వెళ్ళే రైలు తెనాలి మీదుగానే పోతుంది. అప్పట్లో సినిమా అంటే మద్రాసే కదా! అంటే టాలెంట్ అన్ని ఊళ్ళలోనూ ఉంటుంది, దారి మాత్రం కొన్ని ఊళ్ళకే ఉంటుందన్నమాట. పల్నాడులో మిరప కోసే పిల్లలోనూ ఒక కుటుంబరావు ఉండొచ్చు. వాడికి పుస్తకం దొరికిందా, రైలు దొరికిందా అన్నదే ప్రశ్న.

అసలు పేరున్నవాళ్ళంతా ఊళ్ళో పుట్టి బయటికి వెళ్ళినవాళ్ళేనా? కాదు. కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి గారు కృష్ణా జిల్లా అంగలూరు నుంచి వచ్చి తెనాలిలో స్థిరపడ్డారు. మున్సిపల్ ఛైర్మన్‌గా ఉండి, గంగానమ్మ జాతరలో జంతుబలి వద్దన్నారు. ఓట్లు పోతాయని ఆగలేదు.

చివరిగా ఒక మాట. 1942 ఆగస్టు 12న, క్విట్ ఇండియా రోజుల్లో, తెనాలిలో పోలీసు కాల్పులకి ఏడుగురు చనిపోయారు. రణరంగ చౌక్‌లో ఏడు స్తూపాలున్నాయి. రోజూ బండి మీద వాటి పక్కనుంచే పోతాం. సినిమా వాళ్ళ పేర్లు గడగడా చెప్పే మనం ఆ ఏడుగురిలో ఒక్కరి పేరైనా చెప్పగలమా?

ఈసారి అటు వెళ్తే ఒక్క నిమిషం ఆగండి. మీ ఊళ్ళో పెద్దవాళ్ళని కూడా అడగండి, "మన ఊరికి మేలు చేసినవాళ్ళెవరు తాతయ్యా?" అని. ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి. వాళ్ళు పోయాక ఏ సెర్చ్‌లోనూ దొరకదు అది. మీ ఊరి పేరు కామెంట్‌లో రాయండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను!