పచ్చాకు చుట్ట: చూపు, వాసన, రుచి



పోయినవారం ఒక శ్రోత ఫోన్ చేసి ఓ ప్రశ్న అడిగారు. టాంపాలో ఈబోర్ సిటీ చూపిద్దామని పిల్లల్ని తీసుకెళ్ళారట. అక్కడ ఒక దుకాణం అద్దాల బీరువాలో గోధుమరంగు చుట్టల పక్కన చిలకపచ్చ చుట్టలు కనబడ్డాయట. "పచ్చి ఆకుతో చుట్టారా, రంగేమైనా వేశారా? రుచెలా ఉంటుంది?" అని వారి సందేహం. మాది ప్రకాశం జిల్లాలో పొగాకు పండించిన ఇల్లు. నా చదువు ఫీజులన్నీ ఆ ఆకు కట్టినవే. అందుకని ఈ ప్రశ్న నా నెత్తిన పెట్టారు. ఇంటిల్లిపాదీ వినే రేడియోలో చుట్టల గొడవేమిటని విసుక్కోకండి. కాల్చమని చెప్పడానికి రాలేదు.

అది పచ్చి ఆకూ కాదు, రంగూ కాదు. దాన్ని కాండెలా అంటారు. చుట్టలో మూడు పొరలుంటాయి. లోపల కూరే ఆకు, దాన్ని పట్టి ఉంచే కట్టు ఆకు, అన్నిటికీ పైన అందంగా చుట్టే పై ఆకు. కాండెలాలో ఆ పై ఆకు ఒక్కటే పచ్చన. లోపలిదంతా మామూలుగా ఆరబెట్టి, మాగబెట్టిన గోధుమరంగు ఆకే.

మరి పచ్చదనం ఎలా నిలుస్తుంది? పొగాకు ఇళ్ళవాళ్ళకు ఒక్క మాటలో అర్థమవుతుంది, మిగతావాళ్ళకు కాస్త వివరంగా చెబుతాను. మన వైపు వర్జీనియా పొగాకును బ్యారన్‌లో కర్రలకు కట్టి వేలాడదీసి, కింద గొట్టాల్లోంచి వేడి పంపుతారు. మొదటి ఒకటిన్నర, రెండు రోజులు వేడి వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటనివ్వకుండా, తేమ పోకుండా కాపలా కాయాలి. కోసినా ఆకు ఇంకా బతికే ఉంటుంది. ఆ రెండు రోజుల్లో దానిలోని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది, పచ్చ విరిగిపోయి పసుపు తేలుతుంది. ఆ తరువాతే మెల్లగా వేడి పెంచి ఈనె దాకా ఎండబెడతారు. తొందరపడి ముందే మంట పెంచితే ఆకు పచ్చగా ఉండగానే చచ్చిపోతుంది. ఇక ఆ పచ్చ పోదు. మన వేలంలో దానికి ధర రాదు.

కాండెలా చేసేవాళ్ళు కావాలని చేసేది సరిగ్గా ఆ పనే. గోధుమరంగు చుట్ట ఆకును గాలికి వారాల తరబడి ఆరనిస్తారు. కాండెలా ఆకును మాత్రం కాస్త ముందే కోసి, మూసిన కొట్టంలో వేడి పెంచి కొద్ది రోజుల్లోనే ఎండబెట్టేస్తారు. మన దగ్గర నష్టం, ఇక్కడ నైపుణ్యం! స్పానిష్‌లో కాండెలా అంటే కొవ్వొత్తి, నిప్పు అని అర్థాలున్నాయి.

1950లు, 60లలో అమెరికాలో ఈ పచ్చ చుట్టలే జోరుగా అమ్ముడయ్యేవి. 'అమెరికన్ మార్కెట్ సెలెక్షన్' అని వీటికి మరో పేరు కూడా ఉండేది. 1962లో క్యూబా సరుకు మీద నిషేధం వచ్చాక, తరువాతి ఏళ్ళలో జనం రుచి గోధుమరంగు వైపు మళ్ళింది. ఇప్పుడు కొద్ది కంపెనీలే చేస్తున్నాయి. 1912లో టాంపాలోనే మొదలైన ఆర్టురో ఫ్యూంటే వారి 8-5-8 రకంలో పచ్చది ఉంది. మార్చి 17న సెయింట్ పాట్రిక్స్ పండగ దగ్గరపడితే మరికొన్ని బయటికొస్తాయి.

రెండేళ్ళ కిందట మా నాయన ఇక్కడికి వచ్చినప్పుడు ఈబోర్ సిటీకి తీసుకెళ్ళి రెండు పచ్చ చుట్టలు కొన్నాను. డాక్టరు మాన్పించి చాలా ఏళ్ళయింది, ఆయన కాల్చడు. కానీ ఆకు చూడటం ఎవరూ మాన్పించలేదు కదా. కళ్ళద్దాలు సవరించుకుని వెలుతురులోకి పట్టుకున్నాడు. "మచ్చ లేదు. ఈనె సన్నం. ఒక్కచోట కూడా పసుపు తిరగలా" అన్నాడు. మీరు చూసినా ముందు అదే చూడండి. పచ్చ అంతటా ఒకేలా ఉండాలి. ఎండ తగిలేచోట పెట్టిన సరుకైతే వెలిసి పాలిపోతుంది. తరువాత రెండు వేళ్ళతో మెల్లగా నొక్కాలి. గట్టి ఉండలు, మెత్తటి గుంటలు తగలకూడదు. మెల్లగా అని ఎందుకన్నానంటే ఈ ఆకు మహా పలచన, కాస్త ఎండితే అప్పడంలా చిట్లుతుంది.

వెలిగించకముందు వాసన చూస్తే కొత్త వరిగడ్డి వామి దగ్గర నిలబడ్డట్టుంటుంది. కొస కత్తిరించి ఉత్తగానే ఒక పీల్పు లాగితే చక్కెర వెయ్యని గ్రీన్ టీ, దాని వెనక పచ్చి చిక్కుడు గింజ. నాయన ఇక్కడి దాకా వచ్చి ఆపేశాడు. నేను రెండోది వెలిగించాను. మొదటి అంగుళం దీని సొగసంతా. మునగాకు బాణలిలో వేపుతున్నప్పటి వాసన, పెదవికి చిన్న తీపి. సగానికి వచ్చేసరికి లోపలి ఆకు పైచేయి అవుతుంది, దేవదారు చెక్క, మిరియం ఘాటు. ఆ తరువాత పచ్చిక రుచి ముదిరి చేదవుతుంది. నిమిషానికి ఒక పీల్పు మించితే ఆ చేదు ఇంకా ముందే వస్తుంది. నన్నడిగితే సగం దగ్గర పక్కన పెట్టేయడమే మర్యాద. బాగుంది అంటాను, గొప్పది అనను. మంచి ముదురు చుట్టలో ఉండే లోతు దీనికి లేదు.

పొగ లోపలికి పీల్చం కాబట్టి ప్రమాదం లేదని చాలామంది అనుకుంటారు. సిగరెట్టు పొగకు ఆమ్లగుణం, చుట్ట పొగకు క్షారగుణం. అందుకే చుట్టలోని నికోటిన్ నోటి చర్మం నుంచే రక్తంలోకి పోతుంది. నోటి కాన్సరుకు చుట్ట కూడా కారణమే. ఉత్తరాంధ్రలో అడ్డచుట్ట కాల్చే ఆడవాళ్ళ అంగిలి కాన్సర్ల మీద డాక్టర్లు ఎంతో రాశారు. నేను ఏడాదికి ఒకటి కాలుస్తాను. అది కూడా మా ఆవిడకు ఇష్టం లేదు.

సరే, నాయన సంగతి. చుట్ట అటూ ఇటూ తిప్పుతూ "ఎంత?" అన్నాడు. పది డాలర్ల పైమాటే అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా బ్యారన్ ఒకటి మొత్తం పచ్చబడిపోయింది. ఆ ఏడు అక్క కాలేజీ ఆగిపోయింది. మంట చూసే మనిషి నిద్రపోయాడని నాయన పదిమందిలో తిట్టి పనిలోంచి తీసేశాడు. ఇంట్లో అందరికీ తెలిసిన కథ అదే.

"ఆ రాత్రి మొద్దులేసింది నేనేరా" అన్నాడు నాయన. "తరువాతి కోత ఆకు బయట కుప్పబడి ఉంది, వడిలిపోతదని తొందరపడ్డా. అతను వద్దనే అన్నాడు."

ఊరెళ్ళాక ఆ మనిషిని వెతుక్కుంటూ పక్క మండలం వెళ్ళాడట. వెలిగించని ఆ చుట్టను గుడ్డలో చుట్టి పట్టుకెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. ఒక్కటే చెప్పాడు. అతను చుట్టను వెలుతురులోకి పట్టి చూసి, "ఎవరు మండించారయ్యా ఇది, ఇంత సమంగా వచ్చింది?" అన్నాడట.