కుటుంబ ట్రస్టుల సాయానికి దరఖాస్తు చేసుకోవడం ఎలా?

మన హాస్టల్ నుంచి ఇంటర్ పూర్తిచేసి బయటికి వెళ్లే ప్రతి బ్యాచ్‌లోనూ వినిపించే మాట ఒకటుంది. "అన్నా, సీటు వచ్చింది. మిగతా డబ్బులు ఎక్కణ్ణుంచి తేవాలి?" ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. కానీ ఆ డబ్బు మంజూరై ఖాతాలో పడేలోపు మెస్ బిల్లు కట్టాలి, పుస్తకాలు కొనాలి, పరీక్ష ఫీజు కట్టాలి. సీటు సంపాదించిన పిల్లలు చదువు మానేసేది చాలాసార్లు ఈ మధ్యకాలంలోనే. ఇంటి దగ్గర అమ్మానాన్నలు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చేదీ ఇప్పుడే. ఆ అప్పు చేసేముందు తట్టి చూడదగిన తలుపు ఇంకొకటి ఉంది. అదే కుటుంబాలు నడిపే ధర్మ సంస్థలు, అంటే ట్రస్టులు, ఫౌండేషన్లు. వాటి గురించి మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు తెలిసింది తక్కువ, భయపడేది ఎక్కువ. అందుకే ఈ వ్యాసం.

ఒక కుటుంబం తన ఆస్తిలో కొంత భాగాన్ని విడిగా తీసిపెట్టి, ఆ డబ్బు దేనికి ఖర్చు కావాలో పత్రం రాసి రిజిస్టర్ చేస్తుంది. దానినే ట్రస్టు డీడ్ అంటారు. ట్రస్టీలలో సాధారణంగా ఆ కుటుంబం వాళ్లు ఉంటారు, వారితోపాటు బయటి పెద్దలు కూడా ఉండవచ్చు. ఇలాంటి సంస్థకు ఆదాయపు పన్ను మినహాయింపు ఉంటుంది. దానికి ప్రతిగా ఆ ఏడాది ఆదాయంలో సాధారణంగా 85 శాతం తాను రాసుకున్న ఆశయాలకే ఖర్చు పెట్టి లెక్క చూపాలి. ఈ సంగతి మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. అర్హులైన పిల్లల కోసం వాళ్లూ వెతుకుతూ ఉంటారు. మనం అడగడం అడుక్కోవడం కాదు. తలవంచుకుని అడగాల్సిన పని అంతకన్నా లేదు.

అయితే ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కూ దీనికీ పెద్ద తేడా ఉంది. ప్రభుత్వ పథకంలో అర్హత ఉంటే మనకు రావాలి, రాకపోతే నిలదీయవచ్చు. ఇక్కడ అర్హత ఉన్నా ఎంపిక చేయడం, చేయకపోవడం వాళ్ల ఇష్టం. ప్రభుత్వ నిధులతో నడవని ప్రైవేటు ట్రస్టుకు 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టి "నాకెందుకు ఇవ్వలేదు?" అని అడగడం కుదరదు. పైన అప్పీలూ లేదు. కాబట్టి ఒకచోట రాలేదంటే మీరు తక్కువవారని కాదు. వాళ్ల దగ్గర ఉన్న సంఖ్య అయిపోయిందేమో, వాళ్ల ఆశయం వేరేమో. ఇంకొక చోట పెట్టుకోవాలి.

ఈ దారిన నడిచి పైకి వచ్చినవాళ్లు మనకు తెలియనివాళ్లు కారు. జంషెట్‌జీ టాటా 1892లో జె.ఎన్. టాటా ఎండోమెంట్ స్థాపించారు. విదేశాలలో ఉన్నత విద్య చదివే భారతీయులకు అది నేటికీ సాయం చేస్తోంది. కానీ అది ఉచితంగా ఇచ్చేది కాదు, 'లోన్ స్కాలర్‌షిప్'. చదువయ్యాక తిరిగి కట్టాలి. కేరళలోని ఉళవూరులో నిరుపేద దళిత కుటుంబంలో పుట్టిన కె.ఆర్. నారాయణన్ 1945లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదవడానికి వెళ్లింది టాటాల సాయంతోనే. 1997లో ఆయన రాష్ట్రపతి అయ్యారు.

ఇక బాబాసాహెబ్ అంబేద్కర్ సంగతి. 1913లో బరోడా మహారాజు మూడవ శాయాజీరావు గైక్వాడ్ ఆయనకు నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లపాటు ఇచ్చి అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపారు. అది ట్రస్టు కాదు, సంస్థానం. అయినా ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. చదువు ముగిశాక బరోడా సంస్థానంలో పదేళ్లు ఉద్యోగం చేస్తానని ఆయన ఒప్పందం మీద సంతకం చేశారు. 1917లో ఆ ఉద్యోగంలో చేరితే, కులం కారణంగా ఆ ఊళ్లో ఉండడానికి ఇల్లే దొరకక వదిలి రావలసి వచ్చింది. సాయం ఎంత గొప్పదైనా దాని వెనుక షరతు ఉండవచ్చు. కాబట్టి ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేముందు మూడు సంగతులు అడిగి తెలుసుకోండి. ఇది గ్రాంటా, అప్పా? మధ్యలో చదువు మానేస్తే తిరిగి కట్టాలా? చదువయ్యాక ఏదైనా పని చేయాలా? ఇలా అడిగినందుకు ఎవరూ కోప్పడరు.

ఇప్పటి సంగతికి వద్దాం. పేరు విని 'మనకు రాదులే' అనుకోకుండా షరతులు చదవాలి. రిలయన్స్ ఫౌండేషన్ డిగ్రీ స్కాలర్‌షిప్ చూడండి. ధీరూభాయి అంబానీ 90వ జయంతి సందర్భంగా 2022 డిసెంబరులో పెద్ద ఎత్తున ప్రకటించారు. ఏడాదికి 5,000 మంది డిగ్రీ విద్యార్థులకు, కోర్సు మొత్తానికి కలిపి 2 లక్షల రూపాయల వరకు ఇస్తున్నారు. కుటుంబ ఆదాయ పరిమితి 15 లక్షలు, రెండున్నర లక్షల లోపు వారికి ప్రాధాన్యం. ఇంటర్‌లో 60 శాతం మార్కులు ఉండాలి, ఆన్‌లైన్‌లో ఆప్టిట్యూడ్ పరీక్ష రాయాలి. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ 2024లో మొదలుపెట్టిన స్కాలర్‌షిప్ తీరు వేరు. అది ఆడపిల్లలకే. పది, ఇంటర్ రెండూ ప్రభుత్వ విద్యాసంస్థలలో రెగ్యులర్‌గా చదివి ఉండాలి. ఏడాదికి 30,000 రూపాయలు కోర్సు పూర్తయ్యేదాకా ఇస్తారు. ఎంపిక చేసిన రాష్ట్రాలలోనే అమలవుతుంది కాబట్టి మీ రాష్ట్రం, మీరు చదివిన సంస్థ ఆ యేటి ప్రకటనలో ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ఈ రెంటిలోనూ ఒక షరతు ఒకటే. డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరినవారే దరఖాస్తు చేయాలి. మన పిల్లలకు ఎక్కువగా నష్టం జరిగేది ఇక్కడే. సంగతి తెలిసేసరికి రెండో సంవత్సరంలో ఉంటారు. అందుకని ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ పేజీ మీ కోసమే అనుకోండి.

పెద్ద పేర్లే కాదు, జిల్లాల్లో చిన్న ట్రస్టులూ ఉన్నాయి. తల్లి పేరునో, చనిపోయిన కొడుకు పేరునో పెట్టి ఏడాదికి పదిమందికో ఇరవైమందికో సాయం చేసేవి. వాటికి నోటిఫికేషన్లు ఉండవు, తెల్లకాగితం మీద ఉత్తరం రాయాలి. ఇలాంటివాటిలో కుటుంబం ఇష్టాయిష్టాలు బాగా పనిచేస్తాయి. కొందరు తమ సొంత మండలం పిల్లలకే ఇస్తారు, కొందరు నర్సింగ్‌కే, కొందరు తల్లిదండ్రులు లేనివారికే. ట్రస్టీలు ఏడాదికి రెండు మూడుసార్లే కూర్చుంటారు కాబట్టి జవాబుకు నెలలు పట్టవచ్చు. రేపు ఫీజుకు ఆఖరు తేదీ అని ఈరోజు ఉత్తరం రాస్తే లాభం లేదు.

ఉత్తరం ఎలా రాయాలి?

మనవాళ్లు రాసే ఉత్తరం ఎలా ఉంటుందో నేను చాలా చూశాను. "మేము కడు నిరుపేదలము. తమరు దయతలచి సహాయము చేసిన మీ మేలు జన్మలో మరువలేము." పేజీ అంతా ఇదే. చదివినవారికి జాలి కలుగుతుంది గానీ, ఎంత ఇవ్వాలో, దేనికి ఇవ్వాలో తెలియదు. వాళ్ల ముందున్న నూరు ఉత్తరాలూ ఇలాగే ఉంటాయి.

దీని బదులు లెక్క రాయండి. ఊహకు ఒక నర్సింగ్ విద్యార్థిని అనుకుందాం. ఏడాదికి ట్యూషన్ ఫీజు 40,000, మెస్ 36,000, పుస్తకాలు, యూనిఫారం కలిపి 9,000, పరీక్ష ఫీజు 4,000, ఆసుపత్రి డ్యూటీలకు బస్సు చార్జీలు 5,000. మొత్తం 94,000. ప్రభుత్వం నుంచి ఫీజు 40,000, మెయింటెనెన్స్ 20,000 వస్తాయి. వాళ్లమ్మ కూలి డబ్బుల్లోంచి 10,000 ఇవ్వగలదు. ఇంకా కావలసింది 24,000. ఇప్పుడు ఉత్తరం ఇలా మొదలవుతుంది: "నేను బి.ఎస్సీ. నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఈ సంవత్సరం ఖర్చులో నాకు 24,000 రూపాయలు తక్కువ పడుతున్నాయి. లెక్క కింద ఇచ్చాను." ట్రస్టీ చేతికి ఈ కాగితం వస్తే ఆలోచించవలసింది ఒక్కటే, ఇవ్వాలా వద్దా అని. లక్ష అడిగితే పదివేలైనా ఇస్తారులే అని ఎక్కువ రాయకండి. లెక్క తెలిసినవారికి అది ఇట్టే తెలిసిపోతుంది, ఆ తర్వాత మిగతా ఉత్తరాన్ని కూడా నమ్మరు.

ప్రభుత్వం నుంచి వచ్చేది దాచకూడదు. వేరే స్కాలర్‌షిప్ ఉంటే ఇవ్వం అనే ట్రస్టులు ఉన్నాయి, దానికి పైన తక్కువపడినది ఇస్తామనేవీ ఉన్నాయి. అటువైపు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు కూడా నిబంధనలు ఉంటాయి. రెండూ తీసుకోవచ్చో లేదో ముందే వార్డెన్ సారునో, సంక్షేమ శాఖ ఆఫీసులోనో అడగండి. తర్వాత బయటపడితే రెండూ పోతాయి.

కుటుంబ పరిస్థితి రాయవద్దని కాదు. నాలుగు వాక్యాలు చాలు. నాన్న ఏం చేస్తారు, ఇంట్లో ఎంతమంది, మీరు ఏ తరగతి నుంచి హాస్టల్‌లో ఉన్నారు, చదువు తర్వాత ఏం చేయాలనుకుంటున్నారు. ఇంగ్లీషు రాకపోతే తెలుగులోనే రాయండి, మన జిల్లాల ట్రస్టులకు అదే మేలు. ఇంటర్నెట్ సెంటర్లో ఎవరో టైపు చేసిపెట్టిన ఇంగ్లీషు ఉత్తరం మీ మాటలా ఉండదు. రేపు ఫోన్లో వాళ్లు దాని గురించే అడిగితే తడబడతారు.

కాగితాల విషయంలో మన పిల్లలకు వచ్చే తిప్పలు ఇన్నీ అన్నీ కావు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్‌లో పేరు తిరగబడి ఉంటుంది. డబ్బు మంజూరయ్యాక కూడా ఖాతాలో పడకుండా ఆగిపోవడానికి ఇది చాలు. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడే ఇవి సరిచేయించుకోండి. ఆదాయ ధ్రువపత్రం తహశీల్దార్ కార్యాలయం ఇచ్చినది ఉండాలి, పాతది పనికిరాదు. మెమోలు, టి.సి., కుల ధ్రువపత్రం, కాలేజీ బోనఫైడ్, ఫీజు రసీదులు రెండేసి జిరాక్సులు తీసి ఒక ఫైలులో పెట్టి ట్రంకు పెట్టెలో భద్రం చేసుకోండి. ఒరిజినల్స్ పోస్టులో ఎవరికీ పంపకండి. బ్యాంకు ఖాతా మీ పేరునే ఉండాలి, అందులో లావాదేవీలు జరుగుతూ ఉండాలి.

దరఖాస్తుకు 'ప్రాసెసింగ్ ఫీజు' అడిగేవాణ్ణి నమ్మవద్దు. సాయం చేసే సంస్థ సాయం అడిగేవాడి దగ్గర డబ్బు తీసుకోదు. మంజూరు చేయిస్తాను, సగం నాకివ్వు అనే దళారీలు ఉంటారు. ఫోన్ చేసి ఓటీపీ చెప్పమనేవాళ్లూ ఉంటారు. ఖాళీ కాగితం మీద సంతకం అసలే వద్దు.

పూర్వ విద్యార్థులకు ఒక మాట

ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు హాస్టల్‌కు లైబ్రరీ, కంప్యూటర్లు కావాలని ట్రస్టులకు రాద్దామంటుంటారు. మంచిదే. కానీ విద్యార్థి ఒక్కడే అడిగితే వాడి చేతికి ఇస్తారు గానీ, సంఘానికి ఇవ్వాలంటే చట్టప్రకారం సంఘం ఉండాలి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో జిల్లా రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించవచ్చు. సంఘం పేరున పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఏటా ఆడిట్ లెక్కలు కావాలి. మూడేళ్ల ఆడిట్ అడిగే ఫౌండేషన్లు చాలా ఉన్నాయి, కాబట్టి అవసరం వచ్చాక మొదలుపెడితే ఆలస్యమే. హాస్టల్ భవనం ప్రభుత్వానిది కనుక అందులో ఏది పెట్టాలన్నా శాఖ అనుమతి ముందుగా రాతపూర్వకంగా తీసుకోవాలి. అంత పని ఇప్పుడు కాదనుకుంటే, డబ్బు కాకుండా పుస్తకాలే నేరుగా హాస్టల్‌కు ఇవ్వమని అడగడం సులువు. అప్పుడు స్టాకు రిజిస్టరులో ఎక్కించి, దాని నకలు దాతకు పంపితే సరిపోతుంది.

సాయం అందినవారు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. చాలా ట్రస్టులు ఏడాదికేడాది రెన్యువల్ చేస్తాయి. దానికి మార్కుల మెమో, ఫీజు రసీదు పంపాలి. ఒక సబ్జెక్టు తప్పారనే సిగ్గుతో మెమో పంపకుండా ఊరుకుంటే వాళ్లు చదువు మానేశారని అనుకుంటారు. తప్పితే తప్పానని, సప్లిమెంటరీ ఎప్పుడు రాస్తున్నారో రాసి పంపండి. ఫలితాలు వచ్చిన వారంలోపే పంపితే మేలు.