బోర్డు పాడైందనుకునే ముందు కార్డు చూడండి

కురుడుమలె వినాయకుడికి మొక్కి పని మొదలుపెట్టడం మన ముళబాగిలు వైపు వాడుక. కంప్యూటర్ బోర్డుకూ అలాంటి తొలి పని ఉంది. కరెంటు తగలగానే మేలుకొని ఆపరేటింగ్ సిస్టమ్‌ను వెతికి లేపే చిన్న ప్రోగ్రాం, బూట్‌లోడర్.

2019లో వచ్చిన రాస్‌బెర్రీ పై 4లో ఇది బోర్డు మీది చిప్‌లోనే ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్, పిల్లలు రాసిన ప్రోగ్రాములు మాత్రం మెమరీ కార్డులో ఉంటాయి. కార్డులో రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు చెడవచ్చు. బోర్డు లేవదు. పాడైందని బీరువాలో పెట్టేస్తే పిల్లల ప్రయోగాలు అక్కడితో ఆగిపోతాయి.

ముందు రాస్‌బెర్రీ పై ఇమేజర్‌తో వేరే కార్డులో సిస్టమ్ ఎక్కించి చూడండి. పాత కార్డు చెరపకండి, పిల్లల పని దొరకవచ్చు. అప్పటికీ లేవకపోతే, ఇమేజర్‌లోనే ఉన్న బూట్‌లోడర్ రికవరీని ఒక ఖాళీ కార్డుకెక్కించి బోర్డులో పెట్టండి. ఆకుపచ్చ లైటు ఆగకుండా గబగబా మిణుకుమంటే బూట్‌లోడర్ బాగుపడినట్టే. ఇక సిస్టమ్ కార్డు పెట్టుకోవచ్చు. రోజూ షట్‌డౌన్ చేశాకే స్విచ్ ఆపడం పిల్లలకు అలవాటు చేయండి.