చేతికి పని, మనసుకు నెమ్మది

సౌలు రాజుకు భవనముంది, సైన్యముంది, నెమ్మది మాత్రం లేదు. ఆయన కలత చూసిన సేవకులు విశ్వాసం తక్కువైందంటూ నిందించలేదు. సితారా బాగా వాయించేవాణ్ణి పిలిపించమని సలహా ఇచ్చారు. అలా గొర్రెలు కాచుకునే దావీదు రాజభవనానికొచ్చాడు. అతను వాయించినప్పుడల్లా రాజుకు ఉపశమనం కలిగేదని సమూయేలు మొదటి గ్రంథం 16వ అధ్యాయం చెబుతోంది. అదే దావీదు వాయిస్తుండగానే సౌలు అతని మీదికి ఈటె విసిరాడనీ ఆ గ్రంథమే దాచకుండా చెబుతోంది. సంగీతం ఆయన బాధను తగ్గించింది, పూర్తిగా తీసేయలేదు. ఈ రెండు మాటలనూ మనం కలిపే చదవాలి.

ఎందుకంటే మానసిక రుగ్మత అనగానే మన సంఘాల్లో గుసగుసలు మొదలవుతాయి. దయ్యం పట్టిందని కొందరు, ప్రార్థన చాలలేదని మరికొందరు అంటారు. మరి విలియం కూపర్‌ను ఏమందాం?

కూపర్ 1731లో ఇంగ్లండులో పుట్టాడు. ఆరేళ్లకే తల్లిని పోగొట్టుకున్నాడు. 1763లో పార్లమెంటు ప్రభువుల సభలో గుమాస్తా ఉద్యోగానికి సభ ఎదుట పరీక్షకు నిలబడాల్సి వచ్చింది. ఆ భయంతో మనసు చెదిరి ప్రాణం తీసుకోబోయాడు. సెయింట్ ఆల్బన్స్‌లో డాక్టర్ నథానియేల్ కాటన్ వైద్యంతో కోలుకున్నాడు. విశ్వాసంలోకి వచ్చిందీ ఆ వైద్యశాలలోనే. తర్వాత ఓల్నీ అనే ఊరు చేరి, అక్కడి కాపరి జాన్ న్యూటన్‌తో కలసి కీర్తనలు రాశాడు. 1773లో జబ్బు మళ్లీ తిరగబెట్టింది. దేవుడు తనను విడిచిపెట్టేశాడన్న తలంపు అతనిలో పాతుకుపోయింది. న్యూటన్ అతణ్ణి గద్దించి పంపేయలేదు, ఏడాదికి పైగా తన ఇంట్లోనే ఉంచుకున్నాడు.

కోలుకునే రోజుల్లో కూపర్‌కు ఎవరో ఒక కుందేలు పిల్లనిచ్చారు. అలా మూడు కుందేళ్లయ్యాయి. వాటికి గూళ్లు చేయడానికి వడ్రంగం పట్టాడు. తోట పెంచాడు, బొమ్మలు గీశాడు. మనసును అలసిపోనివ్వకుండా నిలిపి ఉంచే పని ఏదైనా అతనికి మేలే చేసింది. అతణ్ణి కనిపెట్టుకుని ఉన్న మేరీ అన్విన్ అనే విధవరాలు కవిత్వం రాయమని ప్రోత్సహించింది. 1782లో, యాభై దాటాక, అతని కవితల పుస్తకం వెలువడింది. 1785లో 'ది టాస్క్' అనే పెద్ద కావ్యం వచ్చింది. కుంగుబాటు పూర్తిగా వదల్లేదు. 1800లో నిరాశలోనే కన్నుమూశాడు. అయినా మధ్యలో బతికిన ఆ ఏళ్లు వ్యర్థమని ఎవరనగలరు? అతని కీర్తనలు నేటికీ సంఘాలు పాడుతూనే ఉన్నాయి.

1946లో ఎడ్వర్డ్ ఆడమ్‌సన్ అనే చిత్రకారుడు ఇంగ్లండులోనే నెదర్న్ మానసిక వైద్యశాలలో రోగుల కోసం చిత్రశాల నడపసాగాడు. వాళ్లు గీసినదాన్ని దిద్దేవాడు కాదు, దానికి అర్థాలు తీసేవాడు కాదు. రంగులిచ్చి, మౌనంగా తోడుండేవాడు. నోటితో చెప్పలేని బాధ కాగితం మీదికి రావడానికి ఆ మౌనమే చోటిచ్చింది.

ఇందులో మనం చేయగలిగినవి చాలానే ఉన్నాయి. కోలుకుంటున్న సహోదరిని క్రిస్మస్ నక్షత్రాలు కత్తిరించే పనికి పిలవచ్చు. పాడగలిగినవాణ్ణి పాటల అభ్యాసంలో కూర్చోబెట్టుకోవచ్చు. కుట్టు, అల్లిక, ముగ్గు, మట్టి బొమ్మ, ఏదైనా సరే. రానంటే బలవంతం చేయకూడదు. బాగుందో లేదో తీర్పు చెప్పకూడదు. వాళ్లు ఒప్పుకోకుండా ఆ బొమ్మను నలుగురికీ చూపకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, బొమ్మలు వేస్తున్నారు కదా, ప్రార్థన చేస్తున్నాం కదా అని మందులు మాన్పించకూడదు. మాత్రల సంగతి డాక్టరే చెప్పాలి. ఎవరిని అడగాలో తోచనివారికి 2022లో మొదలైన టెలి మానస్ ఉంది. 14416కు ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు. ప్రాణం తీసుకోవాలన్న మాట ఎవరి నోటైనా వింటే, ఆ ఇంటివారిని ఒంటరిగా వదలక వెంటనే వైద్యానికి తోడు వెళ్దాం.

ప్రత్యక్ష గుడారం పనికి దేవుడు బెసలేలును పేరుపెట్టి పిలిచి, చేతిపనుల్లో నేర్పునిచ్చాడని నిర్గమకాండం 31వ అధ్యాయంలో ఉంది. చేతి నేర్పు దేవుని వరమే అయితే, మనసు నలిగినవారి చేతుల్లోని నేర్పు కూడా ఆయన ఇచ్చిందే. ఈ ఆదివారం ఆరాధనకు రాలేక ఇంట్లోనే ఉండిపోయినవారు మన సంఘంలో ఎవరున్నారో గుర్తు చేసుకుందాం. ఉపదేశం తర్వాత చేద్దాం. ముందు ఒక రంగుల పెట్టె పట్టుకెళ్లి, కాసేపు వాళ్ల పక్కన కూర్చుందాం.