ఈ రికార్డు దొంగ సరుకు కాదు

బొంబాయి సినిమా స్టూడియోల వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో హెచ్‌ఎంవీకి ఒక ఎల్పీ చేసిపెట్టారు. పేరు 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. పెద్దగా ఎవరూ కొనలేదు, త్వరగానే మరిచిపోయారు. 2010లో 'బాంబే కనెక్షన్' అనే డచ్ లేబుల్ మళ్లీ విడుదల చేసేసరికి విన్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. 1987లో షికాగో నుంచి వచ్చిన 'ఆసిడ్ ట్రాక్స్'తో మొదలైందని చెప్పుకొనే ఆసిడ్ హౌస్ అనే ఎలక్ట్రానిక్ నృత్య సంగీతం ఐదేళ్ల ముందే బొంబాయిలో మోగిందా? అక్కడినుంచి పుకార్లే పుకార్లు.

అపోహ: ఎవరో ఈమధ్యే తయారుచేసి పాత అట్ట తొడిగారు. బ్రిటిష్ సంగీతకారుడు ఏఫెక్స్ ట్విన్ పనే అయ్యుంటుంది.

వాస్తవం: ఆ లేబుల్ నడిపే ఎడో బౌమన్‌కు హెచ్‌ఎంవీ పాత ప్రతి 2002లోనే ఢిల్లీలో దొరికింది. తర్వాత ఆయన ముంబై వెళ్లి సింగ్‌ను కలిశారు కూడా. ఆర్.డి. బర్మన్ లాంటి వాళ్ల దగ్గర వాయించిన మనిషిని కల్పిత పాత్ర అనుకోవడం విడ్డూరమే. పేరొచ్చాక సింగ్ యూరప్ వేదికల మీద ఇవే రాగాలు వాయించారు. 2015లో కన్నుమూశారు.

అపోహ: 1982లో అలాంటి శబ్దాలు చేసే యంత్రాలు ఎక్కడివి?

వాస్తవం: జపాన్ కంపెనీ రోలాండ్ అప్పటికే అమ్ముతోంది. డ్రమ్స్ వాయించే టీఆర్-808 వచ్చింది 1980లో. జూపిటర్-8 సింథసైజర్, టీబీ-303 వచ్చినవి 1981లో. సింగ్ వాడినవి ఇవే. ఈ 303 చిన్న వెండిరంగు పెట్టె. బాస్ వాయించే మనిషి దొరకనప్పుడు ఆ లోటు తీర్చడానికి చేసింది. స్వరాలు ఒక్కొక్కటే ముందుగా నొక్కి పెట్టుకుంటే, 808తో తాళం కలుపుకొని అదే తిరిగి తిరిగి వాయిస్తుంది. అందులో 'స్లైడ్' అని ఒక మీట ఉంది. అది నొక్కితే ఒక స్వరం మీదనుంచి ఇంకోదాని మీదికి జారుతుంది. రాగం తెలిసినవాడి చేతికి అంతకంటే ఏం కావాలి! భూపాలి, మాల్కౌంస్ ట్రాకులు వినండి. మన మోహనం, హిందోళం పోల్చుకోవడం తెలుగు చెవికి కష్టం కాదు.

అపోహ: అయితే ఆసిడ్ హౌస్ కనిపెట్టింది మనవాడే!

వాస్తవం: ఇది అభిమానం, ఆధారం లేదు. 'ఆసిడ్ ట్రాక్స్' చేసిన ఫ్యూచర్ బృందం ఈ ఎల్పీ విన్న దాఖలా ఏదీ లేదు. 303 బజార్లో దెబ్బతిని, సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా అమ్ముడుపోయింది. షికాగో కుర్రాళ్లు అలాంటి పెట్టెనే పట్టుకుని ఇష్టమొచ్చినట్టు మీటలు తిప్పారు. ఇద్దరి చేతుల్లోనూ ఒకే యంత్రం, అంతే.

నిజమైన దొంగ సరుకు లేకపోలేదు. 1980ల తొలినాళ్లలో యుర్గెన్ ముల్లర్ అనే జర్మన్ సముద్రశాస్త్ర విద్యార్థి సింథసైజర్లతో చేశాడంటూ 2011లో 'సైన్స్ ఆఫ్ ది సీ' అనే ఆల్బమ్ వచ్చింది. అప్పట్లో కొద్ది ప్రతులే అచ్చయ్యాయట! చాలామంది నమ్మారు. తీరా చూస్తే చేసింది అమెరికన్ సంగీతకారుడు నార్మ్ చేంబర్స్. సంగీతం మాత్రం బాగుంటుంది, అది వేరే సంగతి. లేని జర్మన్‌ను నమ్మి, కళ్లెదుట ఉన్న బొంబాయి మనిషిని శంకించడమే నాకు మింగుడుపడదు.

పోయిన రికార్డు దొరికిందని ఎవరైనా అంటే, కథ తర్వాత వినొచ్చు, ముందు అసలు ప్రతి చూపించమనండి.