నిలువు లేత్ - ఉక్కును మలిచే కుమ్మరి సారె

కుటుంబ సభ్యుల సందర్శన దినాన మా మెషిన్ షాపుకు వచ్చే పిల్లలు ఒక యంత్రం ముందు మాత్రం కదలకుండా నిలబడిపోతారు. "ఇది కుమ్మరి సారెలా ఉందే!" అంటారు. ఆ పోలిక చాలావరకు సరైనదే. సాధారణ లేత్‌లో జాబ్ అడ్డంగా ఉన్న ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ఆ లేత్‌ను లేపి నిలబెట్టినట్లు ఊహించుకుంటే అదే వర్టికల్ టర్నింగ్ లేత్. షాపులో అందరి నోటా అది వి.టి.ఎల్.

ఇలా నిలబెట్టవలసిన అవసరమేమి? టర్బైన్ రోటరు వంటి పొడవైన భాగానికి రెండు చివరలా ఆధారమిచ్చి అడ్డంగా తిప్పడమే మేలు. కాని 4 మీటర్ల వ్యాసం, అర మీటరు మందం, 20 టన్నుల పైబడిన బరువు గల ఉక్కు వలయాన్ని పటం తగిలించినట్లు చక్కు ముఖానికి బిగిస్తే, ఆ బరువంతా స్పిండిల్‌ను కిందికి వంచుతుంది. నిలువు లేత్‌లో ఆ బరువే మనకు సాయపడుతుంది. జాబ్ తన భారంతో తానే టేబుల్ మీద కుదురుగా కూర్చుంటుంది. దవడలు దానిని మోయనక్కరలేదు, జరగకుండా పట్టి ఉంచితే చాలు. చాలా పెద్ద యంత్రాలలో టేబుల్ కింద ఒత్తిడితో పంపిన పలుచని నూనె పొరే మొత్తం భారాన్ని మోస్తుంది.

టేబుల్‌కు ఇరువైపులా రెండు స్తంభాలు, వాటి నడుమ అడ్డదూలం, దాని మీద పక్కలకు జరుగుతూ పైకీ కిందికీ కదిలే ర్యామ్, ర్యామ్ కొసన టూల్ ఉంటాయి. హైడ్రో టర్బైన్ భాగాలు, పెద్ద వాల్వుల బాడీలు, సిమెంటు మిల్లుల గేర్లు, రైలు చక్రాలలో ఇరుసు దూరే రంధ్రాలు ఈ జాతి యంత్రాల మీదనే రూపుదిద్దుకొంటాయి.

తిరిగే వేగం చూసి కొందరు పెదవి విరుస్తారు. కోత వేగం నిమిషానికి 60 మీటర్లనుకొంటే, 8 మీటర్ల వ్యాసం వద్ద టేబుల్ నిమిషానికి రెండున్నర చుట్లయినా తిరగదు. టూల్ లోపలికి జరిగి 2 మీటర్ల వ్యాసానికి చేరేసరికి అదే కోత వేగానికి తొమ్మిదిన్నర చుట్లు కావాలి. పాత యంత్రాలలో ఆపరేటరు గేర్లు మార్చుకొనేవాడు. సి.ఎన్.సి. యంత్రం ఆ మార్పును తానే చేసుకొంటుంది. ఈ లేత్‌కు లోపాలు లేవనడం లేదు. లోతైన రంధ్రాన్ని చెక్కేటప్పుడు రజను కింద పడిపోయే దారిలేక లోపలే పోగుపడుతుంది.

అన్నిటికంటె కష్టం కొలత. 1996 మే నెలలో మేము ఒక ఉక్కు వలయపు లోపలి వ్యాసాన్ని 3 మీటర్లకు చెక్కి ముగించాము. మైక్రోమీటరు కొలత సరిగ్గా వచ్చింది. మరునాడు జాబ్ పంపివేయాలి. క్రేన్‌ను పిలవబోతుండగా మా మేస్త్రిగారు వలయం మీద అరచేయి ఆనించి, "సార్, ఇది ఇంకా వెచ్చగానే ఉంది. ఈ రాత్రికి టేబుల్ మీదనే ఉండనివ్వండి" అన్నారు. ఆలస్యమవుతుందని విసుగుకొంటూనే ఒప్పుకొన్నాము.

తెల్లవారి కొలిస్తే వ్యాసం 0.2 మిల్లీమీటర్లు తగ్గింది! మీటరు పొడవు ఉక్కు ఒక డిగ్రీ వేడికి సుమారు 11.5 మైక్రాన్లు పెరుగుతుంది. చల్లని కొలతల గది నుండి వచ్చిన మైక్రోమీటరుకూ, కోత వేడి ఆరని వలయానికీ ఆరు డిగ్రీల తేడా ఉంటే చాలు, లెక్క సరిపోతుంది. అలాగే పంపి ఉంటే జోడు భాగం సైటులో అందులోకి దిగేది కాదు. లోపలి వ్యాసం కనుక మరొక పలుచని కోతతో బయటపడ్డాము. అదే బయటి వ్యాసమైతే కుంచించుకుపోయిన చోట చెక్కడానికేమీ మిగలదు, ఆ వలయం తుక్కు కిందికే పోయేది.

ఆనాటి నుండి మా షాపులో పెద్ద జాబ్ చివరి కొలతకు మైక్రోమీటరు ముందు రాత్రే వెళ్ళి దాని పక్కన చేరుతుంది. రెండూ ఒకే వేడికి వచ్చాకనే మేము అంకె రాసుకొంటాము.