మీకు తెలుసా? యాడికి పోయినా మనోళ్లే!

ఎర్రమల్లె ఎక్కడుందో మీకు తెలుసా? కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలంలో. 2025 నవంబరు 2కు ముందు అడిగి ఉంటే ప్రొద్దుటూరులో కూడా చాలామంది తల గోక్కునేవాళ్లే. ఆ రాత్రి నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి భారత మహిళలు తొలిసారి వన్డే ప్రపంచకప్పు గెలిచారు. ఆ జట్టులో ఎడమచేతి వాటం స్పిన్నరు నల్లపురెడ్డి శ్రీచరణిది ఈ ఎర్రమల్లే. ఇంకేముంది, చుట్టుపక్కల ఊళ్లన్నీ చుట్టాలైపోయాయి. శ్రీచరణి తండ్రి పనిచేసేది రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం (ఆర్టీపీపీ)లో. ఆర్టీపీపీ ఉండేది ఎర్రగుంట్ల మండలంలో. ఎర్రగుంట్ల జమ్మలమడుగు నియోజకవర్గం కిందికి వస్తుంది గనక పాప మాదేనని జమ్మలమడుగు వాళ్లు అనుకోవచ్చు. ఆర్టీపీపీ వాళ్లు బట్టలకైనా బంగారానికైనా వచ్చేది మా అంగళ్లకే గదా అని ప్రొద్దుటూరు అడగొచ్చు. వీరపునాయునిపల్లె పక్కన వేంపల్లె, వేంపల్లె మా నియోజకవర్గమే అని పులివెందుల కూడా ఒక చెయ్యి వేయొచ్చు. వరస కలుపుకోవడంలో మన సీమవాళ్లకు ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు.

ఈసారి శీర్షికంతా ఇలాంటి వరసల గురించే. చిన్న వయసులోనే చదువునో ఊరినో వదిలి, డబ్బు ఇచ్చే ఆటలోకి వెళ్లిపోయిన వాళ్లు కొందరు. వాళ్లను ఇంకా మావాళ్లే అనుకునే జనం ఎందరో.

శ్రీచరణి క్రికెట్‌ను గట్టిగా పట్టుకున్నది చాలా ఆలస్యంగానని మీకు తెలుసా?

బడిలో ఆమె పరుగు పందేలు, బ్యాడ్మింటన్ వంటి ఆటలు ఆడింది. క్రికెట్ పిచ్చి పట్టించింది మేనమామ. దాన్నే బతుకుదెరువు చేసుకుంటానంటే నాన్న వెంటనే ఒప్పుకోలేదు, ఒప్పించడానికి ఏడాది పట్టింది. మన ఇళ్లలో ఇది వింత కాదు. ఇంజినీరింగో, బ్యాంకు కోచింగో అనే మాట ముందు ఆట మాట నిలబడటం కష్టం. 2024 డిసెంబరులో బెంగళూరులో జరిగిన మహిళల ప్రీమియర్ లీగ్ వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ ఆమెను 55 లక్షల రూపాయలకు తీసుకుంది. అప్పటికి ఆమె వయసు ఇరవై. ఆ తర్వాత అంతా పరుగే. 2025 ఏప్రిల్‌లో కొలంబోలో తొలి వన్డే. జూన్ 28న నాటింగ్‌హామ్‌లో ఇంగ్లండ్ మీద తొలి టీ20, అందులో 12 పరుగులిచ్చి 4 వికెట్లు. ఆ సిరీస్ మొత్తంలో పది వికెట్లు. ప్రపంచకప్పులో 14. ఆ నవంబరులోనే జరిగిన తర్వాతి వేలంలో ఢిల్లీయే మళ్లీ 1.3 కోట్లు పెట్టి తెచ్చుకుంది. రాష్ట్ర ప్రభుత్వం రెండున్నర కోట్ల నగదు, కడపలో వెయ్యి గజాల ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మహిళల ప్రీమియర్ లీగ్‌లో జట్లు ఐదు: ఢిల్లీ, ముంబయి, బెంగళూరు, గుజరాత్, యూపీ. తెలుగు నేల పేరున్న జట్టు ఒక్కటీ లేదు. కాబట్టి మన అమ్మాయి పెద్ద ఆట ఆడాలంటే వేరే ఊరి చొక్కా తొడుక్కోక తప్పదు. ఎర్రగుంట్లలో కూర్చుని ఢిల్లీ గెలవాలని మొక్కుకునే జనాన్ని తయారు చేసింది ఈ లోటే.

ఇంతకన్నా గొప్ప పిచ్చి అమెరికాలో ఉందని మీకు తెలుసా?

అక్కడి కాలేజీ బాస్కెట్‌బాల్ మన అంతర కళాశాలల పోటీల్లాంటిది కాదు. కెంటకీ విశ్వవిద్యాలయం జట్టు ఆడే రప్ అరీనాలో దాదాపు ఇరవై వేల మంది పడతారు. కెంటకీ రాష్ట్రంలో పెద్ద లీగైన ఎన్‌బీఏ జట్టు ఒక్కటి కూడా లేదు. అందుకని అక్కడ కాలేజీ జట్టే రాష్ట్రం జట్టు. పొలంలో పనిచేసే రైతు, ఆ కాలేజీ గడప తొక్కని ముసలమ్మ, అందరికీ అదే మా జట్టు. 2012లో ఆంథొనీ డేవిస్ అనే కుర్రాడు అక్కడ మొదటి ఏడాదే జాతీయ టైటిల్ గెలిపించాడు. ఏడాది తిరక్కుండానే, జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో మొదటి పేరు అతనిది, రెండో పేరు అతని జట్టువాడే అయిన మైఖేల్ కిడ్-గిల్‌క్రిస్ట్‌ది. ఒకే కాలేజీ కుర్రాళ్లు మొదటి రెండు స్థానాల్లో పోవడం అదే మొదటిసారి. ఆ జట్టునుంచి ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో ఎంపికైనవాళ్లు మొత్తం ఆరుగురు! టైటిల్ మిగిలింది, జట్టు మిగల్లేదు. కెంటకీ జనం ఏడ్చారా అంటే కొంత ఏడ్చారు, తర్వాత కొత్త కుర్రాళ్ల పేర్లు నేర్చుకున్నారు.

దీనికి అక్కడ ముద్దుపేరు ‘వన్ అండ్ డన్’. ఒక్క ఏడాది చదువు, ఆపైన టాటా. 2005లో ఎన్‌బీఏ, ఆటగాళ్ల సంఘం కలిసి పెట్టుకున్న ఒప్పందం ప్రకారం డ్రాఫ్ట్ జరిగే ఏడాదిలో ఆటగాడికి 19 ఏళ్లు నిండాలి, అమెరికా కుర్రాడైతే హైస్కూలు ముగిసి కనీసం ఏడాది గడవాలి. 2006 డ్రాఫ్ట్‌నుంచి ఇది అమల్లోకి వచ్చింది. ఆ ఏడాది గడపడానికి ఎక్కువమందికి దొరికిన చోటు కాలేజీ. చదువుకోవడానికి వచ్చారా, కాలం గడపడానికి వచ్చారా అనేది ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిన మాట. నాకైతే ఆ కుర్రాళ్లను తప్పు పట్టాలనిపించదు. మోకాలు ఒక్కసారి విరిగితే కోట్లు పోయే ఆట అది.

ఈ దారి తెరిచినవాడి తల్లి పత్తి కూలి అని మీకు తెలుసా?

స్పెన్సర్ హేవుడ్ మిసిసిపీ రాష్ట్రంలో సిల్వర్ సిటీ అనే పల్లెలో పుట్టాడు. ఇంటి నిండా పిల్లలు, పత్తి పొలంలో రోజుకూలి. పత్తి తీసే వేళ్లు ఎలా ఉంటాయో ప్రొద్దుటూరు చుట్టుపక్కల పల్లెల వాళ్లకు నేను చెప్పేదేముంది. అప్పట్లో ఎన్‌బీఏ నియమం ప్రకారం హైస్కూలు అయ్యాక నాలుగేళ్లు గడిస్తే గానీ ఆడనివ్వరు. హేవుడ్ ఆగలేదు. కోర్టుకెక్కాడు. 1971లో అమెరికా సుప్రీంకోర్టు 7–2 తేడాతో అతని వైపు తీర్పు చెప్పింది. చదువు మధ్యలో వెళ్లిపోయిన ప్రతి పెద్ద ఆటగాడూ, మైఖేల్ జోర్డాన్‌తో సహా, ఆ తీర్పు తెరిచిన తలుపులోంచి పోయినవాడే.

జోర్డాన్ మాట వచ్చింది గనక ఇంకో ముచ్చట. 1984లో మూడేళ్ల చదువుతోనే నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాన్ని వదిలి వెళ్లాడు. 1986కల్లా మళ్లీ వచ్చి డిగ్రీ పూర్తి చేశాడు. ఏ సబ్జెక్టో ఊహించండి. భూగోళం! అదే కాలేజీనుంచి 1998లో వెళ్లిపోయిన విన్స్ కార్టర్ కథ ఇంకా రంజుగా ఉంటుంది. 2001 మే 20న పొద్దున కాలేజీలో పట్టా పుచ్చుకుని, విమానమెక్కి ఫిలడెల్ఫియా వెళ్లి సాయంత్రం ప్లేఆఫ్ ఏడో మ్యాచ్ ఆడాడు. చివరి క్షణంలో అతను వేసిన బంతి బుట్టలో పడలేదు. అతని జట్టు టొరంటో ఒక్క పాయింటుతో ఓడింది. ఆ పట్టా కోసం పోకపోయి ఉంటే బంతి పడేదని వాదించేవాళ్లు ఉన్నారు. నాకు ఆ వాదన నచ్చదు. పట్టా పుచ్చుకోవడానికి కూర్చున్న పూట, జనం చప్పట్లకన్నా తక్కువదేం కాదు. టిమ్ డంకన్ అయితే అసలు తొందరే పడలేదు. చదువు పూర్తి చేస్తానని చనిపోయిన తల్లికి ఇచ్చిన మాట కోసం వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లూ ఉండి, 1997లో డ్రాఫ్ట్‌లో మొదటివాడిగా పోయాడు.

తొందరపడి వెళ్లినందుకు దెబ్బ తిన్న తెలుగువాడు ఎవరో మీకు తెలుసా?

అంబటి రాయుడు. 2004లో భారత అండర్-19 జట్టుకు కెప్టెన్. 2007లో, ఇరవై రెండేళ్లు తిరిగీ తిరగకముందే, భారత క్రికెట్ బోర్డుకు పోటీగా పుట్టిన ఇండియన్ క్రికెట్ లీగ్‌లోకి వెళ్లాడు. బోర్డు తలుపు మూసింది. 2009లో క్షమాభిక్ష పెట్టాక మళ్లీ లోపలికి వచ్చాడు. భారత్ తరఫున తొలి వన్డే 2013లో గానీ దక్కలేదు, ఆ మ్యాచ్‌లో అజేయంగా 63 కొట్టాడు. ముంబయి, చెన్నై జట్లతో మొత్తం ఆరు ఐపీఎల్ టైటిళ్లు గెలిచాడు. అందులో ఒక్కటీ హైదరాబాద్ జట్టుతో కాదు. అయినా టీవీ ముందు కూర్చున్న తెలుగువాడు ‘మనోడు దిగినాడు’ అనడం మానలేదు.

మహిళల లీగ్ రాకముందు ‘ప్రొఫెషనల్’ అంటే ఏమిటో తెలుసా? రైల్వే ఉద్యోగం. హైదరాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్ దేశవాళీ ఆటలో ఎక్కువ కాలం ఆడింది రైల్వేస్‌కే. జీతం, క్వార్టర్సు, పింఛను ఉండేది అక్కడ. సొంత రాష్ట్రం చొక్కా విడిచి పోవడం అప్పుడూ ఉంది, కాకపోతే వేలంపాట లేదు, అంతే.

తొందరగా వెళ్లే పిల్లలకు మన దగ్గర కూడా కళ్లెం వేశారు. 2025లో క్రికెట్ బోర్డు కొత్త నియమం పెట్టింది: అండర్-16 ఆటగాడు ఐపీఎల్ ఆడాలంటే ముందు కనీసం ఒక ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడి ఉండాలి. అమెరికా వాళ్ల ఏడాది నియమానికి మనవాళ్ల చిన్న తమ్ముడు. ఇది మంచిదే అనిపిస్తుంది నాకు. పదిహేనేళ్ల పిల్లవాడి మీద కోట్ల బరువు పెట్టేముందు ఒక నాలుగు రోజుల ఆట అయినా చూడటం న్యాయం.

మరి బాస్కెట్‌బాల్‌లో మనవాళ్ల సంగతి? పంజాబులో బల్లో కే అనే పల్లెలో పుట్టిన సత్నామ్ సింగ్, కాలేజీ ఆట ఆడకుండానే 2015లో డల్లాస్ జట్టుకు 52వ ఎంపికగా వెళ్లాడు. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడు అతనే, మ్యాచ్ ఆడే అవకాశం మాత్రం రాలేదు. అంతకు కొద్ది నెలల ముందే కెనడా పంజాబీ కుర్రాడు సిమ్ భుల్లర్, న్యూ మెక్సికో స్టేట్ విశ్వవిద్యాలయాన్ని మధ్యలో వదిలిపెట్టినవాడు, సాక్రమెంటో తరఫున దిగి ఎన్‌బీఏ ఆడిన తొలి భారత సంతతి ఆటగాడయ్యాడు. తెలుగు పేరు ఆ వరసలో ఎప్పుడు వస్తుందో చూడాలి.

అమెరికాలో ఇప్పుడు గాలి తిరిగిందని కూడా తెలుసా? 2021 జులైనుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకుని ప్రకటనల్లో సంపాదించుకోవచ్చు. 2025 జులైనుంచి కాలేజీలే నేరుగా ఆటగాళ్లకు డబ్బు పంచుతున్నాయి. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి పెట్టిన గరిష్ఠ హద్దు సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. దాంతో ఎన్‌బీఏలో మొదటి వరసలో పేరు వస్తుందన్న నమ్మకం లేని కుర్రాళ్లు కాలేజీలోనే ఉండిపోతున్నారు. అభిమానులకు ఇప్పుడు వేరే బాధ: డబ్బు ఎక్కువ ఇచ్చే ఇంకో కాలేజీకి మారిపోతున్నారు!

ఈ రెండు దేశాల అభిమానాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అమెరికావాడు చొక్కాను ప్రేమిస్తాడు. అది తొడుక్కున్నన్నాళ్లూ ఆ కుర్రాణ్ని నెత్తిన పెట్టుకుంటాడు, విడిచాక కొంచెం అలుగుతాడు. మనకు చొక్కాతో పని లేదు, ఊరితో పని. ఢిల్లీ చొక్కా వేసినా, చెన్నై చొక్కా వేసినా ఊరి పేరు మారదు గనక అలగడానికి చోటే లేదు. ఇది మన మంచి గుణం.

చెడ్డ గుణమూ ఒకటి ఉంది. కెంటకీవాడు ఆ కుర్రాడి మొదటి మ్యాచ్‌నుంచీ టికెట్ కొని చూశాడు. మనం కప్పు చేతికొచ్చాక పూలదండతో పోయాం. వీరపునాయునిపల్లెలో ఓ పిల్ల బంతి తిప్పుతున్న రోజుల్లో గట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టినవాళ్లు ఎంతమంది? జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల డిగ్రీ కాలేజీలు యోగి వేమన విశ్వవిద్యాలయం కిందే ఉన్నాయి. విశ్వవిద్యాలయం అంతర కళాశాలల పోటీలు పెడుతుంది, కబడ్డీ, వాలీబాల్, బాస్కెట్‌బాల్, క్రికెట్ అన్నీ ఉంటాయి. చూసేవాళ్లలో ఎక్కువమంది తర్వాత ఆడాల్సిన జట్టువాళ్లే. రాష్ట్రం 2024 క్రీడా విధానంలో ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది, సంతోషం. కానీ చప్పట్లకు కోటా ఉండదు.

ఈసారి మీ ఊరి కాలేజీ మైదానంలో పోటీలున్నాయని తెలిస్తే ఒక పూట పోయి చూడండి. టికెట్ కూడా అక్కర్లేదు.